పద్దెనిమిదో దినుసు

1979 ఆగస్టు 9, గురువారం, పొద్దున పదింబావు. ఆంజినప్ప కోడలు చనిపోయి రెండు రోజులయింది. వయసు ఇరవై రెండు. కాన్పయి పద్నాలుగు రోజులు. ఆమె తిన్న బాలింత మందు, అందరూ కాయం అనేది, నరసమ్మ చేసింది. అందులోని సరుకు శ్రీకంఠయ్య అంగడిది. ఆయన ఆండర్సన్‌పేటలో అంగడి మూసి, ఒక చీటీ, పొట్లాల సంచి పట్టుకొని ఊరిగాంలో బంగారు గని కార్మికులుండే లైన్లకు నడిచి వచ్చాడు. నరసమ్మ నడవలో పీట మీద కూర్చొని ఉంది. ఆమె వీపు వెనక గది తలుపు. బయట గడియ పెట్టి ఉంది. గదిలో ఆమె కూతురు రామక్క, తొమ్మిది రోజుల ఆడబిడ్డ ఉన్నారు. నరసమ్మ మొగుడు చౌడప్ప గడప పక్కన ఉన్నాడు. రాయి నుంచి బంగారం తీసే గని మిల్లులో పనిచేసి మొన్న ఏప్రిల్‌లో రిటైరయ్యాడు.

"శొంఠి?"

"మీదే శెట్టయ్యా. మీ అంగడిదే."

"ఎంత?"

"పావుసేరు. ఇంగ ఎన్నితూర్లు చెప్పల్ల? తూకమేసింది మీరే గదా."

"రాసుకుంటా ఉండాను నరసక్కా. పిప్పళ్ళు?"

"మీవే."

"మోడి, మిరియాలు, వాము, నల్లజీలకర."

"మీవే, మీవే, మీవే, మీవే. బెల్లమొకటే సంతలో కొన్నాను. మీ బెల్లంలో ఉప్పు తగలతాది."

"ఆ మాట ఇప్పుడు నలుగురిలో అనొద్దు. నిన్న నా అంగడి తలుపుల మీద ఎవురో పేడనీళ్ళు కొట్టిపోయినారు. శ్రీకంఠయ్య శొంఠిలో విషముండాదంట."

"మీ తలుపుల మీద పేడనీళ్ళు. నా మొకం మీద ఉమ్మేదొకటే మిగిలుండాది. నలభై ఏండ్లు శెట్టయ్యా. ఈ లైన్లలో నా చేతి కాయం తినకుండా లేసి నీళ్ళ కొళాయికి పోయిన బాలింత ఒకతె ఉంటే చూపీండి."

"లేదనలేదు."

"ఆంజినప్ప పెండ్లాము నిన్న నన్ను చూసి వీధి మారింది. వాళ్ళాయన పుట్టినప్పుడు వాళ్ళత్తకి కాయం పెట్టింది మా అమ్మ."

"చౌడప్పా, నువ్వేమీ అనవేమి?"

"ఏమనేది శెట్టయ్యా. ఆడోళ్ళ మందు. మనకేమి తెలుసు."

"దగ్గు ఇంగా తగ్గలేదా నీకు?"

"మిల్లు దుమ్ము. పోయేదాకా ఉంటాది."

"లోటా కింద పెట్టప్పా. కాపీ అంతా పంచె మీద వొలకతా ఉండాది."

"ఆయనకి చెయ్యి నిలవదు శెట్టయ్యా. ఏడాదిగా ఇదే. గుండీలు నేనే పెట్టల్ల."

"ఒళ్ళో ఆ పొట్లం ఏమి?"

"ఏమీ లేదు. బాండ్లి."

"పొద్దున నేను అంగడి తీసేటప్పుడు చూసినాను నిన్ను. పాత్రలంగడి ఇంగా తెరవనే లేదు, మెట్ల మీద కూచోనుండావు."

"ముందరగా పోతే బేరం బాగుంటాది."

"చూడండి శెట్టయ్యా, మీరే చెప్పండి. ఇంట్లో మా అమ్మ ఇచ్చిన ఇనుప బాండ్లి ఉండంగా, ఈయన అల్యూమినియం బాండ్లి కొనుక్కోనొచ్చినాడు. కాయం దీంట్లోనే వేయించల్లంట. అల్యూమినియంలో వేయిస్తే అది కాయమా, పేలాలా?"

"పాతది తుప్పు పట్టింది అన్నాను. అంతే."

"యాడ పట్టింది? చింతపండేసి తోమినాను నేను. తుప్పు లేదు, ఏమీ లేదు. బరువెక్కిందంతే. ఈ నడమ ఎత్తలేకుండా ఉండాను. వయసు."

"నరసక్కా."

"ఏమి?"

"వాము వాసన వస్తా ఉండాదే."

"వస్తాది. లోపల వేగతా ఉండాది గదా."

"ఏమి వేగతా ఉండాది?"

"కాయం. రామక్కకి ఈ పొద్దు తొమ్మిదో దినం."

"నేను వచ్చిందే అది చెప్పేదానికి. ఇది తేలేదాకా ఎవురికీ పెట్టొద్దు."

"అందుకే పెడతా ఉండాను. నా బిడ్డకి నేను పెట్టుకున్నాక ఇంగెవురు నోరెత్తుతారు? మీ అంగడికీ మంచిదే."

"జూన్‌లో నువ్వు కాయం చేసిచ్చిన గంగులమ్మ పసిబిడ్డ పోయింది. మొన్న ఆంజినప్ప కోడలు."

"గంగులమ్మ బిడ్డకి నెమ్ము చేసింది. ఆస్పత్రిలో రాసిచ్చినారు."

"రెండిండ్లలోనూ కాయం చేసిన దినం సాయంత్రమే దగ్గు పట్టుకునింది. రెండిండ్లకీ పోయి అడిగే వచ్చినాను. లోపల వేయిస్తా ఉండేది ఎవురు? నువ్వు ఇక్కడుండావు."

"రామక్కే."

"బాలింత చేతనా?"

"బాలింతే వేయించుకోవల్ల, బిడ్డని ఒళ్ళో పెట్టుకోని. ఇంగెవురూ లోపల ఉండకూడదు. కిటికీకి గోనె కట్టల్ల. ఆ ఘాటు తల్లికీ బిడ్డకీ లోపలికి పోవల్ల. తినేది సగం మందు, పీల్చేది సగం మందు. మా అమ్మ పుంగనూరు కాడనుంచి తెచ్చిన పద్ధతి ఇది. మీ అంబుజమ్మ కూడా అట్లనే వేయించుకునింది, మీ ముగ్గురు బిడ్డలప్పుడూ. మీరు బయట తిరగతా ఉంటిరి."

"జ్ఞాపకముండాది. ఎంతసేపు?"

"అరగంట. వేగిపోతే లోపలనుంచి తలుపు కొడతాది. అంతదాకా గడియ తీయకూడదు. నడాన తీస్తే పాలు యెండిపోతాయి."

"ఎప్పుడు పెట్టినావు గడియ?"

"పది కొట్టినాక. మీరు రాకముందరే."

"నేను బాండ్లి కొనుక్కోని వచ్చేటప్పటికే పెట్టేసింది."

"ఎవురడిగినారప్పా నిన్ను?"

"ఈతూరి తలుపు తీసిపెట్టుకోని వేయించమంటి, రాత్రే చెప్తి."

"ఎందుకంటే చెప్పవు. బాండ్లి మార్చల్ల అంటావు, ఎందుకంటే చెప్పవు. పనిలేనోడు పెండ్లాము పొయ్యి కాడ పడినట్ల."

"నరసక్కా, గడియ తియ్యి. కాయం ఇంగొక వారానికి చేసుకోవచ్చు."

"శెట్టయ్యా, మీ అంగడికి వచ్చి నేను తక్కెడ పట్టుకుంటే ఊరుకుంటారా మీరు?"

"ఊరుకోను."

"మరి?"

"సరే. చీటీ అయిపోనీ. జాజికాయ, జాపత్రి, లవంగం, గసగసాలు, మెంతులు, సోంపు, దుంపరాష్ట్రం, కరక్కాయ, ఇంగువ. బెల్లంతో పదహారు. నెయ్యి పదిహేడు."

"నెయ్యి నాది. ఆవు నాది."

"పదిహేడు. నువ్వు అందరికీ చెప్పేది పద్దెనిమిది."

"పద్దెనిమిదే."

"పద్దెనిమిదోది ఏమి?"

"చెప్పను."

"చెప్పల్ల నరసక్కా. నా పదిహేనూ ఇదో, పొట్లాలు కట్టి తెచ్చినాను, అవే గోతాల్లోనివి. రాత్రి అన్నీ కొంచెం కొంచెం నమిలి మింగినాను. కడుపు మండిందంతే. ఇంగ మిగిలింది నీ పద్దెనిమిదోది."

"మా అమ్మమ్మ మా అమ్మకి చెప్పింది. మా అమ్మ నాకు చెప్పింది. నేను చచ్చేముందర రామక్కకి చెప్తాను. అంగట్లో కూచునేవాళ్ళకి చెప్పేది కాదు."

"ఆంజినప్ప స్టేషన్‌కి పోయి కాగితం ఇచ్చి వచ్చినాడు. రేపు పోలీసులు వస్తారు. నా అంగడికి వస్తారు, ఆనక ఇక్కడికి. వాళ్ళకి చెప్తావా?"

"ఇంట్లోకి వస్తారా శెట్టయ్యా?"

"వస్తారు చౌడప్పా."

"ఇల్లంతా చూస్తారా?"

"చూడకుండా పోతారా?"

"బాలింత గదిలోకి రారు గదా. పురుడు గదా."

"నువ్వేమిటికి అడగతా ఉండావు?"

"ఊరికే."

"బిడ్డ దగ్గినట్టుండాదే."

"ఘాటుకి దగ్గతాది. దగ్గితే మంచిదే, కఫం పోతాది. నువ్వు లేవొద్దప్పా, కూచో. మొగోడు ఈ తలుపు కాడికి రాకూడదు."

"నరసక్కా, పద్దెనిమిదోది."

"బయటికి పోదు గదా?"

"పోలీసులు కొట్టి చెప్పిస్తే తప్ప నా నోట రాదు."

"మీ అమ్మ మీద ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

"ఏమీ లేదు."

"ఏమి లేదు?"

"పద్దెనిమిదోది లేదు శెట్టయ్యా. పదిహేడే."

"నలభై ఏండ్లుగా పద్దెనిమిది అంటా ఉండావు."

"పదిహేడూ మీ అంగట్లో దొరకతాయి. బస్టాండు కాడ కూడా దొరకతాయి. అవన్నీ తెలిసిపోతే నా కాడికి ఎవురొస్తారు? ఒకటి చెప్పకుండా పెట్టు, దాన్నే నమ్ముకోని తింటారు అనింది మా అమ్మ. నేను కొంగు చాటున చెయ్యి పెట్టి తీసి వేస్తాను. చేతిలో ఏమీ ఉండదు. చెయ్యి ఆడిస్తానంతే. బాలింతలు అదే చూస్తారు. ఏమేసినావు అవ్వా అని అడగతారు. చెప్పనంటే ఇంగా కొంచెం తింటారు."

"ఊరికే చెయ్యి ఆడిస్తావు."

"మీరు శొంఠి పొట్లం కట్టినాక పైన నాలుగు మిరియాలు కొసరు వేస్తారే, అట్ల. నవ్వతా ఉండారా?"

"నవ్వలేదు. ఈ పొద్దు రామక్కకి కూడా ఆడించినావా?"

"ఆడించినాను. బిడ్డ ముందర తప్పొచ్చునా."

"అయితే మందు కాదు."

"నేను చెప్పింది అదే గదా."

"లేదు, నువ్వు చెప్పినావని కాదు. ఇట్ల చూడు. బేతమంగళలో నంజుండప్ప కూతురికి చేసిచ్చినావు, జూలై మొదట్లో. సరుకు నాదే. గంగులమ్మకి ఇచ్చిన గోతాలే."

"ఔను. తల్లీ బిడ్డా గుండ్రాళ్ళ మాదిరి ఉండారు. మొన్న సంతలో నంజుండప్ప చెప్పినాడు."

"యాడ వేయించినారు?"

"వాళ్ళింట్లోనే. తలుపేసి. ఇదే పద్ధతి."

"సరే. ఆంజినప్ప కోడలికి చేసిన కాయం మిగిలిందా?"

"అయిదారుండల దాకా మిగిలింటాది."

"అది వాళ్ళత్త తినింది, మోకాళ్ళ నొప్పికి మంచిదని. నిన్న నా కండ్ల ముందర పీట మీద నుంచి లేసి పోయి నీళ్ళు తెచ్చింది. ఆమెకి దగ్గు లేదు, ఏమీ లేదు."

"మోకాళ్ళకి మంచిదే అది."

"ఆ కోడలి బిడ్డ?"

"బిడ్డ బాగుండాది. వేయించేటప్పుడు ఒకటే ఏడస్తా ఉంటే తల్లి తలుపు సందులోనుంచి బయటికిచ్చేసింది, వాళ్ళత్త ఎత్తుకునింది. నేనే తిట్టినాను, బిడ్డకి ఘాటు తగలకుండా చేస్తిరే అని."

"లోపలుండింది తల్లి. పోయింది తల్లి. బయటుండింది బిడ్డ. నిలిచింది బిడ్డ."

"ఏమంటారు శెట్టయ్యా మీరు?"

"తిన్నవాళ్ళకి ఏమీ కాలేదు నరసక్కా. గదిలో ఉన్నవాళ్ళకి అయింది."

"బొగ్గుల పొగ అంటారా? మా అమ్మ కాలం నుంచీ బొగ్గుల కుంపటే. పైన పెంకుల్లో సందుండాది. బేతమంగళలోనూ బొగ్గులే."

"బేతమంగళలో ఏమి తేడా?"

"ఏమీ లేదు. బస్సులో పోయినాము. సరుకు మూట ఒకటి, నా గుడ్డల సంచి ఒకటి."

"బాండ్లి?"

"మోయలేక వాళ్ళదే వాడినాను."

"గంగులమ్మ ఇంటికి?"

"మాదే. నాలుగిండ్లు దాటితే వాళ్ళిల్లు."

"ఆంజినప్ప ఇంటికి?"

"మాదే. అయితే ఏమి? నలభై ఏండ్లుగా అదే బాండ్లి. దాంట్లో వేగిన కాయం తిన్న బిడ్డలు ఈ పొద్దు గనిలో పనికి పోతా ఉండారు."

"ఇప్పుడు లోపలుండేది?"

"అదే. దేవుని గూట్లో పెట్టుంటి, పొద్దున తీసినాను. ఈయన దాని చుట్టూ ఒకటే తిరగతా ఉండాడు మంగళవారం నుంచీ. తాకొద్దు, బాలింతకి పోయేది అని చెప్పినాను."

"చౌడప్పా."

"ఊఁ."

"ఆంజినప్ప కోడలిని పాడె మీద పెట్టేటప్పుడు తాళి తీసినారు. తెలుసా నీకు?"

"నేను పోలేదు. ఒంట్లో బాగలేదు."

"తాళిబొట్టు తెల్లగా ఉండింది. వెండి మాదిరి. పెండ్లికి బొట్టు చేసింది మా పక్కంగడి కంసాలి. బంగారమే చేసినానని ప్రమాణం చేస్తా ఉండాడు. వాళ్ళకి తెలీక విషం తగిలి బంగారం చచ్చిపోయింది అనుకున్నారు."

"అయ్యో. నాకు చెప్పలేదే ఎవురూ."

"నిన్ను చూసి వీధి మారతా ఉండారు గదా నరసక్కా, ఎవురు చెప్తారు. గంగులమ్మ ముక్కుపుడక కూడా అట్లనే అయింది. నెయ్యి రాసి రుద్దుకుంటా ఉండాది పాపం. చౌడప్పా, నువ్వు మిల్లులో ఎన్నేండ్లు చేసినావు?"

"ఇరవై ఆరు."

"నేను పప్పూ ఉప్పూ అమ్మేవాణ్ణి, నాకు తెలీదు. బంగారం దేనికి తెల్లబడతాది?"

"చానా వాటికి."

"ఒకటి చెప్పు."

"దగ్గు వస్తా ఉండాది, ఉండండి."

"ఉంటాను."

"చెప్పప్పా, శెట్టయ్య అడగతా ఉండాడు గదా. పెద్దగా మేస్త్రీ పని చేస్తినంటావు. ఆ పొట్లం ఏమిటికట్ల నొక్కతా ఉండావు, సొట్ట పోతాది."

"పాదరసం తగిలితే తెల్లబడతాది."

"మిల్లులో ఉంటాది పాదరసం. లైను ఇంట్లో బాలింత కాడికి యాడనుంచి వచ్చె?"

"నాకేమి తెలుసు."

"మనవరాలికి బంగారు గుండు చేయించినావంట, నంజుండప్ప చెప్పినాడు."

"చేయించినాడు శెట్టయ్యా. నిన్ననే నల్లదారంలో కట్టి మెళ్ళో వేసినాను. కందిగింజంత ఉండాది. ఇన్నేండ్లలో నాకొక ముక్కుపుడక చేయించినోడు కాదు, మనవరాలంటే మాత్రం."

"ఏ కంసాలి చౌడప్పా?"

"బంగారుపేటలో."

"ఎవురు?"

"పేరు తెలీదు."

"బంగారుపేటకి నువ్వెప్పుడు పోతివి? రిటైరయినాక నువ్వు రైలెక్కిందే లేదే."

"పోయినాను."

"ఎప్పుడప్పా? నేను ఈ ఇంట్లోనే ఉండాను గదా."

"నరసీ."

"ఏమి?"

"తలుపు తియ్యి."

"మళ్ళా అదే మాట."

"బాండ్లి అడుగుకి రెండో రేకు ఉండాది గదా."

"కమ్మరి నరసింహప్ప కొట్టినాడు, అడుగు చిల్లి పడి కారతా ఉంటే. రెండేండ్లయింది. దానికేమి?"

"రేకుకీ బాండ్లికీ నడాన సందుండాది."

"ఉంటే?"

"ముద్ద పెట్టినాను దాంట్లో."

"ఏమి ముద్ద? చెప్పప్పా. ఏమి ముద్ద?"

"మిల్లులో పలకల మీద గీకిన ముద్ద, పాదరసమూ బంగారమూ కలిసింది. రిటైరయ్యే ముందర కొంచెం కొంచెం తెచ్చి దాచినాను. దాన్ని కాల్చల్ల. కాలిస్తే పాదరసం పొగై పోతాది, బంగారం నిలస్తాది. యాడ కాల్చేది? ఈ లైన్లలో పక్కింట్లో చింతపులుసు కాగితే మనకి తెలస్తాది. మొగోడు కుంపటి ముట్టిస్తే అడగరా? బాలింత ఇంట్లో అడగరు. కిటికీకి గోనె, తలుపుకి గడియ. నీ వాము వాసనలో ఏమీ తెలీదు. బాండ్లి ఇంటికొచ్చినాక రేకు సందులో గీకితే గింజంత."

"గంగులమ్మ ఇంట్లో."

"ఔను."

"ఆంజినప్ప ఇంట్లో."

"రెండూ కలిపి కొడితే ఆ గుండు అయింది."

"నా బిడ్డ గదిలో కూడానా?"

"ఆదివారం పెట్టినాను. మంగళవారం ఆ పిల్ల పోయింది. అప్పుడు అనుమానమొచ్చింది. తీసేద్దామని చూస్తే బాండ్లి తాకనీకపోతివి. పొద్దున ఇది కొనుక్కోని వచ్చేటప్పటికి గడియ పెట్టేసుంటివి."

"నోరు లేదా నీకు? పావుగంట పైనయింది ఈ గడప కాడ కూచోని."

"చెప్తే జైలు. పింఛను పోతాది. ఇల్లు కంపెనీది, ఖాళీ చేయమంటారు. దగ్గే గదా అనుకున్నా. ఇరవై ఆరేండ్లు నేను పీల్చలేదా, నాకేమయింది?"

"నీ చేతులు చూసుకో చౌడప్పా."

"ఎంత పెట్టినావు ఈతూరి?"

"నరసీ..."

"ఎంత?"

"మిగిలిందంతా."

"నేను పదిహేడే వేసినాను శెట్టయ్యా. మీరు రాసుకున్నారు గదా. పదిహేడే."

"రాసుకున్నాను. లెయ్యి నరసక్కా. గడియ తియ్యి."

"రాలేదు. గడియ బిగుసుకోనుండాది."

"జరుగు, నేను తీస్తాను. ఏమి సద్దు అది?"

"తలుపు కొడతా ఉండాది. రామక్కా. రామక్కా, వింటివా."

"అమ్మా, వేగిపోయింది. తియ్యి తలుపు. ఘాటు ఈతూరి ఎక్కువగా ఉండాది మా, నాకూ బిడ్డకీ ఒకటే దగ్గు. బిడ్డ మెళ్ళో తాత చేయించిన గుండు వెండిదా? తెల్లగా ఉండాది."